మాకు పడదు

పాలు పడకపోవడం రోగం కాదు, వరం. నమ్మరా? బంద్ నాడు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం ఎల్బీనగర్ అంతా తిరిగి, ఖాళీ సంచితో ఇల్లు చేరిన మీకంటే, ముసుగుతన్ని పడుకున్న నేను సుఖపడ్డానా లేదా?

నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టులో పని. డాక్టర్ ‘లాక్టోజ్ ఇంటాలరెన్స్’ అనగానే ఆ పేరు నాకు ఆరు గజాలు కనబడింది, జాకెట్ ముక్కతో సహా! ఇంత పొడుగు జబ్బు మా వంశంలో ఎవరికీ రాలేదు. మా నాయనకు వచ్చినవి ఉత్త విరేచనాలే.

లాభాలు చూడండి. పెళ్లిలో ఐస్‌క్రీమ్ దగ్గర తోపులాట లేదు. కర్మన్‌ఘాట్ గుడిలో పంచామృతం పోస్తే మొత్తం తలకే రాసుకుంటాను. నా అంతటి భక్తుడు లేడని పూజారి అభిప్రాయం.

అసలు లాభం వేరే ఉంది. ఈ పాలే నన్ను ఉద్యమకారుణ్ణి చేశాయి!

మా కొట్టులో వెంకటేశ్వరరావు అని గుంటూరు మనిషి. పద్నాలుగేళ్లుగా నేను చీరలు విప్పితే ఆయన మడతపెట్టేవాడు. ఉగాది తర్వాత ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి పిలిచాడు. ఆయన భార్య వెంకాయమ్మ, పొంగించిన పాలు గ్లాసులో పోసి ఇచ్చింది. పదిమందిలో కడుపు సంగతి ఎట్లా చెప్పను?

‘వద్దమ్మా, మాకు పడదు’ అన్నాను.

మా ఇంటి కడుపులకు అని నా ఉద్దేశం. తెలంగాణ ఉద్యమం రోజులు కదా! మాకూ మీకూ పడదని వాళ్లు విన్నారు. మర్నాడే వెంకటేశ్వరరావు పై అంతస్తు కౌంటర్‌కు మారిపోయాడు. అప్పట్నుంచి విప్పేదీ నేనే, మడతపెట్టేదీ నేనే.

వెళ్లి చెప్పొచ్చు కదా అంటారా? ఈలోగా కబురు ఎల్బీనగర్ చౌరస్తాలో ఉద్యమం టెంటుకు చేరింది. టెంటు నడిపే బిక్షపతి నా వీపు తట్టాడు. ‘సెట్లర్ ఇంట్ల పాలు ముట్టలేదంట గదన్నా!’ కుర్చీ వేశారు. మెడలో కండువా వేశారు. విరేచనాలకు ఎవరైనా కండువా వేస్తారా? నోరు మూసుకున్నాను. ‘మా పాలు మాకు గావాలె’ అని అందరికంటే గట్టిగా అరిచాను. వాటా అడిగేవాళ్లలో పాలు అరగనివాణ్ణి నేనొక్కణ్ణే!

సకల జనుల సమ్మెలో ఒక బంద్ నాడు బిక్షపతి మైకు ముందే నా చేతికి పెద్ద గ్లాసు అందించాడు. ‘నల్గొండ బర్రె పాలు. గివి మన పాలన్నా, పడ్తయి తాగు.’

తాగాను. కండువా వేసుకున్నవాడు కాదంటాడా?

పావుగంటలో కడుపులో ర్యాలీ మొదలైంది. హోటళ్లు బంద్. పబ్లిక్ టాయిలెట్‌కూ తాళమే, దగ్గరుండి వేయించింది మేమే! టెంటు వెనక సందులో నాకు తెలిసిన గడప ఒక్కటే.

వెంకటేశ్వరరావు తలుపు తీశాడు. నా మొహం చూశాడు, కండువా చూశాడు. పక్కకు జరిగి బాత్‌రూమ్ చూపించాడు.

బయటికొచ్చేసరికి వెంకాయమ్మ నిలబడి ఉంది.

‘మీకు పడనిది మేమా, పాలా అన్నయ్యగారూ?’

‘పాలేనమ్మా.’

‘ఈ ముక్క చెప్పడానికి ఆర్నెల్లా!’ అన్నాడు లోపలినుంచి వెంకటేశ్వరరావు.

నిజమే. పద్నాలుగేళ్ల స్నేహితుడితో ఆర్నెల్లు మాట్లాడకపోవడం నాకు శుభ్రంగా అరిగింది. గ్లాసుడు పాలే అరగలేదు.