శాన్ హసింతోలో నెమ్మది నిషేధం

"ఈ క్షణం నుంచి శాన్ హసింతో పట్టణంలో నెమ్మది అనేది నిషేధం!" అని మేయర్ దోన్ ఫెలిసియానో బుస్తీయో పార్కు మండపం ఎక్కి ప్రకటించారు.

చప్పట్లు మోగాయి. చెట్టు కింద డామినోలు ఆడుతున్న ఇద్దరు ముసలివాళ్లు గౌరవంగా లేచి నిలబడి, నేరం తమ మీదికి రాలేదని తేలాక మళ్లీ కూర్చున్నారు.

మేయర్ గారు మామూలు మనిషి కాదు. రాజధానిలో 'వేగవంతమైన నగరాలు' అనే సదస్సుకు రెండు రోజులు ఆలస్యంగా వెళ్లి, ముగింపు భోజనంలోనే దాని సారమంతా గ్రహించి వచ్చిన మేధావి. ఆ సారం ప్రకారం పురపాలక కార్యాలయంలోని పాత కంప్యూటర్లన్నిటినీ వీధిలో వరసగా పేర్పించి, వాటి మీద రోడ్డు రోలరు నడిపించారు. పాతవి పోయాయి. కొత్తవి రాలేదు. ఈ మధ్య కాలానికి 'పరివర్తన దశ' అని పేరు పెట్టారు. పేరు పెట్టాక ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

ఒక్క డెల్మిరా సునీగాకు తప్ప.

డెల్మిరా ఆ కార్యాలయంలో రేడియో మెకానిక్. రోలరు నడిచిన రోజున ఆమె కొండ మీద యాంటెనా బిగిస్తోంది. తిరిగొచ్చి చూస్తే బల్ల ఖాళీ. ఇరవై ఏళ్ల నాటి మొండి లాప్‌టాప్ ఉండాల్సిన చోట ఒక రసీదు ఉంది: 'వెనకబాటుతనం. సంఖ్య: ఒకటి. స్వాధీనం చేసుకోవడమైనది.'

"మామూలుది కాదే అది. రోలరు రెండుసార్లు ఎక్కినా చావలేదు. మూడోసారికి డ్రైవరే శిలువ గుర్తు వేసుకున్నాడు" అని కాఫీ పెట్టే ఆవిడ చెప్పింది.

డెల్మిరా నెత్తిన చేతులు పెట్టుకుంది. కారణం ఉంది.

పైన కొండల్లో నది పొడవునా పదకొండు మంది కాపలాదారులు ఉన్నారు. జీతం లేదు, తలా ఒక రేడియో ఉంది. నదిలో పాతిన కొయ్యల మీద రంగు గుర్తులుంటాయి. నీళ్లు ఎర్ర గుర్తు దాటితే వాళ్లు రేడియోలో ఒక్క మాట చెబుతారు. అక్కణ్నుంచి మూడు గంటలకు ఆ నీళ్లు కింద లా వేగా పేటకు చేరతాయి. ఆ పేటలో నాలుగు వందల ఇళ్లు. అందులో ఒకటి డెల్మిరాది. ఆ మూడు గంటల వల్లే ఇన్నేళ్లుగా అక్కడ మనుషులు మిగిలారు.

ఇప్పుడు ప్రభుత్వం వాళ్లు మాట్లాడుకునే రేడియో ఛానెల్‌ను వేరెవరికో కేటాయించింది. నెలాఖరులోగా పదకొండు రేడియోలనూ కొత్త ఛానెల్‌కు మార్చాలి. ఆ రేడియోలు పాతవి. వాటిని మార్చే ప్రోగ్రామ్ ఇంకా పాతది, నెమ్మదిగా నడిచే కంప్యూటర్ల కోసం రాసినది. కొత్త కంప్యూటర్ మీద నడిపితే అది రేడియోను ప్రశ్న అడిగి, రేడియో నోరు తెరిచేలోపే తొందరపడి రాసేస్తుంది. అప్పుడు రేడియో ఒక పొడుగాటి కూత కూసి, జ్ఞాపకమంతా పోగొట్టుకుని, ఇటుకరాయి అయిపోతుంది.

డెల్మిరా వెళ్లి డిజిటల్ విభాగం డైరెక్టరు ఇంజనీరు ఓల్మన్‌ను కలిసింది. ఆయన మేయర్ గారి మేనల్లుడు. అయినా ఆ ఉద్యోగం ప్రతిభతోనే సంపాదించాడని మేయర్ గారే ధ్రువీకరించారు.

"ఇంజనీరు గారూ, నాకో నెమ్మది లాప్‌టాప్ కావాలి. ఎంత నెమ్మదైతే అంత మంచిది."

"మెల్లగా అనండి దోన్యా డెల్మిరా, ఎవరైనా వింటారు." ఆయన తలుపు మూసొచ్చి ఫారం తీశాడు. "వేగం, కనీసం ఎంత?"

"కనీసం కాదు, ఇంతకు మించకూడదు అని రాసుకోండి."

"ఫారంలో కనీసం అనే ఉంది. మించకూడదు అనే గడి లేదు."

"పక్కన చేత్తో రాయండి."

"చేత్తోనా?" ఓల్మన్ ఆమెను జాలిగా చూశాడు. "అదీ నెమ్మదే కదమ్మా."

చివరికి ఆయన తన సొంత డబ్బుతో కొన్న కొత్త లాప్‌టాప్ ఇచ్చాడు. డెల్మిరా దాంట్లో ప్రోగ్రామ్ ఎక్కించి, వాడకంలో లేని ఒక రేడియో మీద ప్రయత్నించింది. రేడియో కూత కూసి చచ్చిపోయింది.

"చూశారా, రేడియోకు అంత వేగం తట్టుకునే తాహతు లేదు" అన్నాడు ఓల్మన్ గర్వంగా.

డెల్మిరా బస్సెక్కింది. రేవు పట్నంలో పాత సామాన్ల దుకాణాలు తొమ్మిది తిరిగింది. కొందరు నవ్వారు. ఒకడు, "నెమ్మదిది కావాలా? మా బావమరిదిని తీసుకెళ్లు" అన్నాడు. పదో చోట ఎవరో చెప్పారు, ఒకప్పుడు అరటి తోటల కంపెనీలో రేడియోలు బాగుచేసిన మనిషి పోయాడని, ఆయన భార్య దోన్యా ఎర్లిందా ఇంకా ఆయన సామాను దాచిందని.

దాచింది నిజమే. పెరట్లో చీజ్ ముద్ద మీద బరువుగా పెట్టింది. ఇనప పెట్టెలాంటి లాప్‌టాప్, మూల మూలకూ రబ్బరు దిమ్మలు, వెనక రేడియో వైరు గుచ్చే తొమ్మిది సూదుల సాకెట్. డెల్మిరా పాలవిరుగుడు తుడిచి మీట నొక్కింది. తెర వెలగడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత అందంగా ఉందో!"

"తీసుకెళితే తీసుకెళ్లు. చీజ్ మీద నీ తల పెట్టుకోనా?" అంది ఎర్లిందా.

మర్నాడు డెల్మిరా తన ఇనప ఇస్త్రీపెట్టెను తెచ్చి చీజ్ మీద పెట్టి, లాప్‌టాప్‌ను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చింది. తన దగ్గరున్న మరో పాత రేడియో మీద పరీక్షించింది. అరగంట పట్టింది. రేడియో కొత్త ఛానెల్‌లో స్పష్టంగా పలికింది. శనివారం రమ్మని కాపలాదారులందరికీ కబురు పెట్టింది.

కబురు మేయర్ గారి చెవినా పడింది.

"నా పట్టణంలో ఒక మంచి పని, నేను లేకుండా జరుగుతుందా?" అని ఆయన నొచ్చుకున్నారు. వెంటనే మండపానికి రంగు కాగితాలు కట్టించారు, మరింబా మేళాన్ని పిలిపించారు. పురపాలక ముద్ర అంటించాలంటూ ఓల్మన్ శుక్రవారం లాప్‌టాప్‌ను పట్టుకుపోయాడు. సంతకం పెట్టి మరీ తీసుకెళ్లాడు కాబట్టి డెల్మిరా కాదనలేకపోయింది.

శనివారం పదకొండు మంది కాపలాదారులూ తలంటుకుని, ఉతికిన చొక్కాలు తొడుక్కుని, రేడియోలను బల్ల మీద వరసగా పెట్టారు. అందరికంటే పైనుండే దోన్ సిరియాకో తన రేడియోను పొత్తిగుడ్డలోంచి తీశాడు. మేయర్ గారు లాప్‌టాప్ మూత ఎత్తారు.

నాలుగు సెకన్లలో తెర వెలిగింది.

జనం చప్పట్లు కొట్టారు. డెల్మిరా ఓల్మన్ వైపు తిరిగింది.

"ఇంజనీరు గారూ, ఏం చేశారు దీన్ని?"

ఓల్మన్ ఆమె చెవిలో సంబరంగా చెప్పాడు. "పై డొప్ప ఒక్కటే మీ పాతది. లోపలంతా కొత్తది వేయించి, మీ ప్రోగ్రామ్ అందులోకి ఎక్కించాను. మీకు చెప్పకుండా చేశాం, సంతోషిస్తారని. నాకు థాంక్స్ వద్దు, మేయర్ గారికి చెప్పండి."

"లోపలిది ఏదీ?"

"చెత్తబండి పొద్దున్నే వచ్చి వెళ్లింది. ఇప్పుడు అదీ వేగంగానే వస్తోంది."

"అయ్యా, నొక్కకండి!" అని డెల్మిరా అరిచింది. సరిగ్గా అప్పుడే మరింబా మొదలైంది. మేయర్ గారు నొక్కారు. మొదటి రేడియో పొడుగ్గా కూసింది.

"పలికింది!" అన్నారు మేయర్ గారు. జనం ఈలలు వేశారు.

డెల్మిరా వైరు లాగేయబోయింది. ఒక పోలీసు ఆమె మోచేయి పట్టుకుని, "ఫోటోకు అడ్డం వస్తున్నారమ్మా" అని మర్యాదగా పక్కకు జరిపాడు. మేయర్ గారు మిగతా పదీ స్వహస్తాలతో నొక్కారు. ప్రతి కూతకూ మేళం వాళ్లు శ్రుతి కలిపారు. మొత్తం ఆరు నిమిషాల్లో అయిపోయింది. అది రికార్డు అని ఓల్మన్ ప్రకటించాడు.

"ఇది పలకట్లేదే అమ్మాయీ" అన్నాడు దోన్ సిరియాకో, రిబ్బను కట్టిన రేడియోను చెవి దగ్గర ఆడిస్తూ.

"ఇక పలకదు తాతా. ఇంకో లాప్‌టాప్ దొరికేదాకా కళ్లతో చూడండి. ఎర్ర గుర్తు దాటితే ఎలాగోలా మీరే రండి."

సోమవారం రాత్రంతా కొండల మీద వాన కురిసింది; మంగళవారం పొద్దుటికీ ఆకాశం నల్లగానే ఉంది. డెల్మిరా పురపాలక కార్యాలయంలోని వరద హెచ్చరికల కేంద్రానికి పరిగెత్తింది. కొత్తగా బిగించిన గోడంత తెర మీద, రేడియోలో ప్రమాద సూచన వస్తేనే ఎర్రబడే పదకొండు పచ్చ చుక్కలు నిశ్చలంగా వెలుగుతున్నాయి. మేయర్ గారు ఇద్దరు విలేఖరులకు వాటిని చూపిస్తున్నారు.

"గమనించండి. ఇంత వర్షంలోనూ కొండ మీద నుంచి ఒక్క ప్రమాద సూచన కూడా లేదు. గత ఏడాది ఇదే వారంలో నాలుగు వచ్చాయి. ఇదీ మా పాలన."

"అయ్యా, సైరన్ మోగించండి" అంది డెల్మిరా.

"సందేశం వచ్చిందా?"

"రేడియోలు చచ్చాక ఎలా వస్తుంది?"

"రాలేదన్నమాట. సందేశం లేకుండా సైరన్ మోగిస్తే దాన్ని వదంతి అంటారు దోన్యా డెల్మిరా. వదంతికి జరిమానా ఉంది."

అప్పుడు తలుపు తెరుచుకుంది. నిలువెల్లా బురదతో దోన్ సిరియాకో వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. బయట ఆయన గాడిద మోకాళ్ల మీద కూలబడింది.

"ఎర్ర గుర్తు దాటింది" అన్నాడు.

ఓల్మన్ కీబోర్డు ముందు తడబడ్డాడు. "సందేశం ఏ మార్గంలో వచ్చిందని ఎక్కించమంటారు? ఇక్కడ గాడిద అనే గడి లేదు."

మేయర్ గారు చేయెత్తి ఆయన్ని ఆపి, ముసలాయన వైపు తిరిగారు. "ఎంత వేగంగా వచ్చారు పెద్దాయనా?"

"నీళ్లూ నేనూ ఒకేసారి బయల్దేరాం బాబూ. నేను ఓ పది నిమిషాలు ముందొచ్చానేమో."

"నదికంటే వేగం!" మేయర్ గారు విలేఖరుల వైపు తిరిగారు. "రాసుకోండి! ఓల్మన్, లా వేగా స్తంభాలకున్న మైకులు నా మైక్‌కు కలుపు. ఈ మాట ప్రజలకు నేనే చెప్పాలి."

డెల్మిరా అప్పటికే వీధిలో ఉంది. చెప్పులు జారిపోతే వదిలేసి, లా వేగా వాలు మీద పరుగెత్తింది. ఆమె కంటే ముందే స్తంభాల మీది మైకులు గరగరమని గొంతు సవరించుకున్నాయి.

"ప్రియమైన సోదర సోదరీమణులారా! ముందుగా నా సతీమణికి, మా పార్టీ పెద్దలకు, నన్నీ స్థాయికి తెచ్చిన..."

డెల్మిరా మొదటి తలుపు బాదింది. దోన్యా రెఫుహియో పిండి చేతులతో బయటికొచ్చింది.

"నది వస్తోంది! పిల్లల్ని తీసుకుని పైకి నడు!"

"ష్! అరవకమ్మా" అంది దోన్యా రెఫుహియో, మైకు వైపు చెవి పెట్టి. "మేయర్ గారు మాట్లాడుతున్నారు. నది గురించే ఏదో చెప్పేట్టున్నారు, కాస్త విననీ."