భోజనాలకు ముందు ఐదు బంతులు

చరిత్రను క్రీస్తుపూర్వం, క్రీస్తుశకం అని విడగొట్టిన మహానుభావులెవరూ తెలుగు సంఘాల వార్షికోత్సవాలకు వచ్చిన పాపాన పోలేదు. వచ్చి ఉంటే ఆ గీతను మరోచోట గీసేవారు: భోజనపూర్వం, భోజనశకం. భోజనపూర్వయుగంలో హాలు నిండా మనుషులుంటారు, చప్పట్లుంటాయి, పక్కింటివాళ్ళ పిల్ల స్టెప్పు తప్పితే కలిగే ఆనందం ఉంటుంది. "భోజనాలు రెడీ" అన్న ప్రకటనతో ఆ నాగరికత అంతరిస్తుంది. ఆ తర్వాత వేదిక మీద ఏం జరిగినా చారిత్రక ఆధారాలు దొరకవు.

డాక్టర్ వాసుదేవరావుగారు భోజనశకానికి చెందిన కళాకారుడు.

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఎముకల డాక్టరుగా ఆయనకు మంచి పేరుంది. ఎవరి ఎముకనైనా అతికించగలరు. తన పద్యాన్ని మాత్రం ఎవరి చెవికీ అతికించలేకపోయారు. తెనాలి గొంతు. తానే రాసుకున్న వీరరస పద్యాలు మూడు. ప్రతి పద్యం చివరా బారెడు రాగం, ఆ రాగం చివర తొడ మీద ఒక చరుపు. పదేళ్ళకు పైగా ఆ తొడను ఆయన ఖాళీ కుర్చీల సమక్షంలోనే చరుచుకుంటున్నారు. ఒక ఏడాది ముందు వరసలో ఒకాయన కదలకుండా కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాసుదేవరావుగారు పొంగిపోయారు. (ఆవకాయ ముద్ద పొలమారిందని తర్వాత తెలిసింది.) ఇక జీవితంలో ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిండు హాలు ముందు పాడాలి.

ఊరు కొండ కొమ్మున ఉంది కనుక అక్కడి సంఘానికి 'ఎత్తుగడ్డ తెలుగు సమితి' అని పేరు పెట్టుకున్నారు. (ఎత్తుగడ అని పలికినవారి సభ్యత్వం రద్దగును.) ఏ అంశం భోజనపూర్వమో, ఏది భోజనశకమో ఇన్నాళ్ళూ ఏకాభిప్రాయంతోనే తేలుతూ వచ్చింది. ఏకాభిప్రాయమంటే ఒకే ఒక్కరి అభిప్రాయం. ఆ ఒక్కరూ అధ్యక్షులవారి శ్రీమతి. కిందటేడు ఒకే పాటకు తయారైన మూడు డాన్సు బృందాలు ఒకే రంగు లంగా ఓణీలతో వేదిక మెట్ల మీద ఎదురుపడ్డాయి. ఆ రాత్రి జరిగిన మాటల వర్షానికి పరదా తడిసింది. దాంతో కార్యదర్శి హేమచంద్ర ఇక మనుషులను నమ్మరాదని నిశ్చయించాడు. అతనిది కరీంనగర్. ఇక్కడ నీటి పైపుల ఇంజినీరు. ఒత్తిడి ఎక్కడ పెంచితే ఎక్కడ కారుతుందో తెలిసినవాడు.

"మనిషి ఉన్నకాడ మొహమాటం ఉంటదన్నా," అన్నాడు సర్వసభ్య సమావేశంలో. "మనకు సిగ్గూ శరం లేని సిస్టమ్ గావాలె."

అటువంటిది ఒకటి జోజయ్యగారి ఇంటి కింద ఉంది.

జోజయ్యగారిది గుంటూరు. యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతారు. ఆయన ఇల్లు పొట్టి స్తంభాల మీద లేపి కట్టిన పాతకాలపు చెక్క ఇల్లు. ఆ స్తంభాల మధ్య, గడ్డి కోసే మెషీను పక్కన, డాల్బీ అనే ఊరి దగ్గర ఒక రైతు షెడ్డులోంచి తెచ్చుకున్న బింగో పిన్‌బాల్ యంత్రం కొలువై ఉంది. దానికి అరవయ్యేళ్ళు పైబడ్డాయి. చిప్పు ముఖం ఎరగదు. వెనక తలుపు తీస్తే లోపలంతా రిలేలు, మోటార్లు, పళ్ళచక్రాలు, అరటిబోదె లావున వైర్ల కట్టలు. స్విచ్చి వేస్తే పెళ్ళివారిల్లు నిద్రలేచినట్టు లోపల్నుంచి టకటకలూ గుసగుసలూ మొదలవుతాయి.

వాలుగా పరిచిన బల్ల మీద ఇరవై అయిదు గుంతలు. గుంతకొక అంకె. స్ప్రింగు లాగి వదిలితే బంతి పైకెళ్ళి, మేకులనూ రబ్బరు చుట్టలనూ పలకరించుకుంటూ దిగివచ్చి, తనకు నచ్చిన గుంతలో పడుతుంది. ఎదురుగా నిలబెట్టిన గాజు పలక మీద, ఐదు వరసల గళ్ళలో, ఆ అంకె వెలుగుతుంది. బిళ్ళ వేస్తే ఆటగాడికి ఐదు బంతులు. వెలిగిన అంకెలు మూడు ఒకే వరసలో పడితే గెలిచినట్టు, ఐదూ పడితే దేవుడు కనిపించినట్టు.

"బంతిని మళ్ళీ పైకి కొట్టే రెక్కలుండవా?" అని అడిగాడు హేమచంద్ర.

"ఉండవు బాబూ. లాగి వదలటం మన పని, పడటం దాని పని. మధ్యలో కావాలంటే పెట్టెని కాస్త అటూ ఇటూ నెట్టుకోవచ్చు."

"ఎంత నెట్టొచ్చు?"

"మనందరం ఈ దేశంలో నెట్టుకొచ్చినంత. అంతకు మించితే లోపల ఓ లోలకం ఊగిపోయి చుట్టూ ఉన్న రింగుకి తగులుద్ది. టిల్టు! దీపాలన్నీ ఆరిపోతాయ్."

"ఆట మొదలువెట్టకముందు ఇంకో బిళ్ళ వేస్తే?"

"గుర్రుమంటది."

"అంటే?"

"మోటారు తిరుగుద్ది. బుద్ధి పుడితే గాజు మీద ఓ హక్కు వెలుగుద్ది, ఓ వరసలో అంకెల్ని ఒక గడి పక్కకి జరుపుకునే హక్కు. బుద్ధి పుట్టకపోతే గుర్రే లాభం."

"మరి బిళ్ళలు ఎక్కువేస్తే గెలుస్తమా?"

"గెలుస్తామన్న ఆశ ఎక్కువవుద్ది."

హేమచంద్ర కళ్ళు చెమర్చాయి. "ఇన్నేండ్ల సంది గీ సిస్టమ్ కోసమేనన్నా నేను చూస్తున్నది," అన్నాడు.

నిబంధనలు ఆ వారమే వెలువడ్డాయి. ప్రతి అంశం తరఫున ఒకరు యంత్రం ముందు నిలబడాలి. మూడు అంకెల వరసకు భోజనపూర్వం. ఐదంకెల వరసకు పరమపూర్వం, అంటే భోజనాలకు సరిగ్గా ముందు, ఆకలితో ఏ ఒక్కడూ కుర్చీ వదలని ఆ పుణ్యఘడియ. వరస పడకపోతే భోజనశకం. టిల్టయితే భోజనశకంలోనూ చిట్టచివర. డబ్బులేస్తే జూదమవుతుంది గనుక సేవాబిళ్ళలే చెల్లును. కుర్చీలు మోస్తే ఒక బిళ్ళ, గుండిగలు తోమితే రెండు, ముఖ్య అతిథి ప్రసంగం పూర్తిగా వింటే మూడు. భోజనాల బంతిలో ఎవరికైనా చోటుంటుంది. భోజనాలకు ముందు చోటు కావాలంటే మాత్రం ఐదు బంతులూ మాట వినాలి.

సమితి చరిత్రలో ఎన్నడూ లేనంత సేవ ఆ చలికాలంలో జరిగింది. తోమిన గుండిగలనే మళ్ళీ తోమారు. మత్తుమందు డాక్టరొకాయన గుండిగ కోసం దంత వైద్యురాలితో పోట్లాడారు. వాసుదేవరావుగారు తన చేతులు ఆపరేషన్ల చేతులని కూడా మరిచిపోయి, మోకాళ్ళు విరిగేలా కుర్చీలు మోసి, కోటు జేబు నిండా బిళ్ళలు కూడబెట్టారు.

మనవాళ్ళు పరీక్షంటూ ఒకటి కనబడ్డాక ఊరుకునే జాతి కాదు. లెక్కల ట్యూషన్ చెప్పే వీరవెంకటసత్యనారాయణగారు తన గరాజులో కోచింగ్ తెరిచారు. అసలు యంత్రం జోజయ్యగారి దగ్గర తప్ప ఎక్కడా లేదు కనుక, పింగ్‌పాంగ్ బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టి వాలు చేసి, గుంతలు సుద్దముక్కతో గీశారు. (సుద్ద గుంతలో బంతి పడదు. అది రెండో సెమిస్టరులో చెబుతామన్నారు.) లాంగ్ టర్మ్ బ్యాచ్, క్రాష్ కోర్సు రెండూ నిండిపోయాయి. వాసుదేవరావుగారు క్రాష్ కోర్సులో చేరి, నడుముతో నెట్టడం, మణికట్టుతో నెట్టడం, నెట్టనట్టు నెట్టడం అభ్యసించారు.

"డాడ్, ఇట్స్ లిటరల్లీ జస్ట్ ఎ పిన్‌బాల్ మెషీన్," అంది కూతురు అక్షర.

"నీకు తెలీదమ్మా, కాంపిటీషన్ ఎలా ఉందో!" అన్నారాయన.

ఇంతలో జోజయ్యగారు నోరు జారారు. యంత్రం లోపల ఒక బిగింపు చక్రం ఉంటుందట. హక్కులు వెలిగించి, గెలిపించి చెయ్యి అలిసిపోతే దానంతట అదే బిగుసుకుంటుందట. వరసగా అందరూ ఓడిపోతే జాలిపడి వదులవుతుందట. ఆ శనివారం మధ్యాహ్నం జోజయ్యగారి ఇంటి ముందు కారుకు కారు తగిలింది. తెలుగుజాతి చరిత్రలో మొదటిసారిగా జనం క్యూలో వెనక్కి తోసుకున్నారు.

"మీరు పెద్దవారు, ముందు మీరే కానివ్వండి అంకుల్."

"అబ్బే, చిన్నపిల్లలున్నవాళ్ళు మీరు, ఆలస్యం కాకూడదు."

"ఆంటీ షుగర్ పేషెంటండీ, దారివ్వండి, దారివ్వండి!"

అందరూ ఓడాక, చలిగాలికి ముక్కులు ఎర్రబడ్డాక, ఆఖరున వాసుదేవరావుగారు నిలబడ్డారు. జేబులోని బిళ్ళలన్నీ వేశారు. యంత్రం గుర్రుమంది, గుర్రుమంది, మళ్ళీ గుర్రుమంది. చివరికి చక్రం వదులై, రెండో వరసను ఒక గడి జరుపుకునే హక్కు వెలిగింది. మొదటి బంతి, రెండో బంతి, మూడో బంతి. వరసలో మూడు. భోజనపూర్వం ఖాయం! నాలుగోది పక్క వరసకు పోతే, వచ్చిన హక్కుతో గడి జరిపి కలిపేసుకున్నారు. వెనక జనం ఊపిరి బిగబట్టారు. ఐదో బంతి పైనుంచి ఒక్కో మేకునూ పరామర్శించుకుంటూ వచ్చి, పద్దెనిమిదో నంబరు గుంత అంచున కాసేపు తటపటాయించింది. వాసుదేవరావుగారు నెట్టనట్టు నెట్టారు. పడింది. ఐదు దీపాలు ఒకే వరసలో వెలిగాయి. పరమపూర్వం!

ఇక చెయ్యవలసిందల్లా గెలుపును నమోదు చేసే ఎర్ర బటన్ నొక్కడం. కానీ పదేళ్ళ అలవాటు. గెలుపన్నాక ముందు గొంతులోంచి రాగం వచ్చింది, రాగం వెనక చెయ్యి లేచింది. ఆయన తొడ కొట్టారు.

తొడకూ పెట్టెకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు.

లోపల లోలకం ఊగి రింగును ముద్దాడింది. ఐదు దీపాలూ ఆరిపోయాయి. వాటితోపాటు, బిళ్ళలేసిన చిల్లు పక్కనున్న చిన్న దీపం కూడా ఆరింది.

"టిల్టు," అన్నాడు హేమచంద్ర, సంతాప సభలో మాట్లాడే గొంతుతో.

"అది నెట్టడం కాదయ్యా! కళ!"

"కళ మీదే డాక్టర్‌సాబ్. డబ్బా మాది."

వాసుదేవరావుగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కుసుమగారు భర్తను చూసి జాలిపడ్డారు. ఆవిడా కళాకారిణే. ముగ్గురు ఆడవాళ్ళతో 'ఘాట్ రోడ్డు బుర్రకథ' తయారుచేసుకుంటున్నారు. కొండ దిగేటప్పుడు బ్రేకులు వాసనొచ్చే లారీలే అందులో రాక్షసులు. "అప్పీలు చేసుకోండి. అడిగితేనే గదా అమ్మైనా పెట్టేది," అని ధైర్యం చెప్పి, దుప్పటి కప్పారు.

ఆయన కుదుపుల విచారణ ఉపసంఘానికి అప్పీలు చేసుకున్నారు. ఉపసంఘంలో హేమచంద్ర, జోజయ్యగారు ఉన్నారు. మూడో కుర్చీ ఖాళీ. ముగ్గురూ లేనిదే తీర్పు చెల్లదు. మూడో సభ్యుడికి కుదుపులో స్వానుభవం ఉండాలని నిబంధన.

"ఊళ్ళో అంత అనుభవం మీకు తప్ప ఎవరికున్నది డాక్టర్‌సాబ్?" అన్నాడు హేమచంద్ర.

వాసుదేవరావుగారు మూడో కుర్చీలో కూర్చున్నారు. తన కేసు తనే వినరాదు కనుక మొట్టమొదట దాన్ని కొట్టివేశారు. ఆ తర్వాత తెలిసింది, సభ్యుల అంశాలను యంత్రానికి పెడితే పక్షపాతమన్న అపోహ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని యంత్రం దరిదాపులకు రానివ్వకుండా నేరుగా పరమపూర్వంలో చేర్చవలెనని ఇంకో నిబంధన ఉందని. ఆయన ఆ నిబంధనను రెండుసార్లు చదివారు. ఎంత లోతుగా ఆలోచించి రాశారో అనిపించింది.

తర్వాతి శనివారం కుసుమగారు ఆడారు. మూడంకెలు వరసలో వెలిగాయి. బటన్ మీదికి వేలు పోతుండగా, పక్కింటి పూలతోట పుణ్యమా అని, ఆవిడ తుమ్మారు.

విచారణ హేమచంద్ర గరాజులో జరిగింది.

"అప్పీలుదారు కుసుమగారూ, కుదుపు జరిగిన మాట వాస్తవమేనా?"

"ఏమండీ, తుమ్మొచ్చింది. మీరు పక్కనే ఉన్నారుగా!"

"సభ్యులను ఏమండీ అనరాదు."

"పాపం, తుమ్మేగా డాక్టరుగోరూ, వదిలేద్దాం," అన్నారు జోజయ్యగారు.

"తుమ్మును వదిలితే రేపు దగ్గొస్తుంది, ఎల్లుండి ఎక్కిళ్ళొస్తాయి. వ్యవస్థ ఏమైపోవాలి?" వాసుదేవరావుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అమ్మా, యంత్రానికి మొహమాటం లేదు. మనకెందుకు? సంతోషమైనా తుమ్మైనా బటన్ నొక్కాకే."

"సరే. తుమ్మితే ఊడే స్లాటు ఉంటే ఎంత, ఊడితే ఎంత!" అని లేచారు కుసుమగారు. "ఇంట్లో కాఫీకి కూడా ఇకమీదట ముగ్గురు సభ్యులుండాలి. చూసుకోండి."

వార్షికోత్సవం నాడు హాలు కిటకిటలాడింది. భోజనాల గది తలుపులు ఇంకా తెరవలేదు. ఆ తలుపుల సందుల్లోంచి బిరియానీ వాసన వస్తుండగా వాసుదేవరావుగారు వేదిక ఎక్కారు. మూడు పద్యాలూ పాడారు. మూడుసార్లూ తొడ కొట్టారు. ఏ దీపమూ ఆరలేదు. నాలుగు వందల చేతులు చప్పట్లు కొట్టాయి. ముందు వరసలో ఒకావిడ నిజంగానే కళ్ళు తుడుచుకుంది. ఆవిడ చేతిలో ముద్ద లేదని ఆయన ప్రత్యేకంగా గమనించారు. ఇక చచ్చిపోయినా ఫరవాలేదనిపించింది. అప్పుడే "భోజనాలు రెడీ" అన్నారు కాబట్టి ఆ ఆలోచన విరమించుకున్నారు.

రెండో విడత వడ్డన జరుగుతుండగా అక్షర వచ్చి తండ్రి మోచెయ్యి లాగింది. "డాడ్, మమ్ ఈజ్ ఆన్."

తెరిచి ఉన్న తలుపులోంచి వాసుదేవరావుగారు అటు చూశారు. వేదిక మీద ముగ్గురు ఆడవాళ్ళు. కుసుమగారు తంబురా భుజాన వేసుకుని, గొంతు చించుకుని, లారీని సంహరిస్తున్నారు. వారి ఎదుట కుర్చీలు, కుర్చీల వెనక కుర్చీలు.

"చూశారా జోజయ్యగారూ," అన్నారాయన నిట్టూర్చి, గారె నోట్లో పెట్టుకుంటూ. "మనవాళ్ళకి బొత్తిగా కళాభిరుచి లేకుండా పోయిందండీ. ఒక్కడంటే ఒక్కడు లోపల కూర్చోడు." ఆ బాధతోనే పెరుగన్నం వరసలో ఒక అడుగు ముందుకు జరిగారు.