ఎవరు ఎవరిని పిలిచారు

కంటి ఆస్పత్రిలో పని పదింటికల్లా తెమిలిపోతుందనీ, పనిలో పనిగా అత్తగారి కళ్లు కూడా చూపించేసి భోజనాల వేళకి ఇల్లు చేరిపోవచ్చనీ ఆ ఉదయం కోడలు అనుకుంది. అత్తగారికి నలభై అయిదో నంబరు టోకెన్ ఇప్పించి హాల్లో కూర్చోబెట్టి, తను వెనకున్న ఇరుకు గదిలో కంప్యూటరు ముందు చేరింది.

రోగులను వరసగా పిలిచే ఆ ప్రోగ్రాము ఆమె కంపెనీదే. మూడు రోజులుగా అది కొందరిని పిలవడం మానేసింది. పొద్దున వచ్చినవాళ్లు సాయంత్రం దాకా కూర్చుని, ఉసూరుమంటూ వెళ్లిపోతున్నారు. ఆఫీసులో ఎంత ఆడించినా తప్పు దొరకలేదు. ఇక్కడ ఆపి చూద్దామంటే ఆ రోజు జాబితా అంతా నీళ్లపాలు. "ఇవాళ కూడా కుదరకపోతే పలకా బలపం తెచ్చుకుంటాం" అని డాక్టరు చెప్పేశారు.

ప్రోగ్రాము లోపల మెథడ్లని చిన్న చిన్న పనివాళ్లుంటారు. ఒకటి ఇంకోదాన్ని పిలుస్తుంది, అది మరోదాన్ని. దాన్ని నడవనిస్తూనే, ఏది దేన్ని పిలిచినా తన తెర మీద ఒక ముక్క రాసేలా ట్రేస్ పెడితే దొంగ దొరుకుతాడని ఆమె ఆలోచన. దాన్ని రాసిన మహానుభావుడెవరో మెథడ్లకు అచ్చ తెలుగు పేర్లు పెట్టాడు. ఆమె వాటికి ముచ్చటపడుతూ, ఆ ముక్కలు ఎక్కడికి రావాలో చెప్పేచోట తన తెర నంబరు ఏడు కొట్టబోయి ఒకటి కొట్టింది. ఒకటో నంబరు హాల్లో స్పీకరుది.

గదిలో ఫ్యాను రొదకి ఆమెకేమీ వినపడలేదు. హాల్లో మాత్రం స్పీకరు గొంతు సవరించుకుంది.

"రోగిని వెతుకు. పిలిచింది: తర్వాతెవరు."

ఎవరో తప్పిపోయారనుకుని నలుగురు బెంచీల కింద చూశారు.

"టోకెన్ ముప్పై ఆరు. కన్ను మూసెయ్. పిలిచింది: పరీక్ష పూర్తి."

ముప్పై ఆరో నంబరు ఒక దర్జీ. ఆయన అప్పుడే లోపలికెళ్లాడు. బయటున్న ఆయన భార్య బెంచీ మీద కూలబడింది. మరుక్షణం దర్జీ నవ్వుతూ బయటికొచ్చేసరికి ఆవిడ ఆయన్ని చూసి ఇంకా హడలిపోయింది.

తెర మీద ఒక్క అక్షరమూ రాకపోవడంతో కోడలు, మరీ క్లుప్తంగా అడిగానేమో అనుకుని, అన్నీ వివరంగా చెప్పమంది. స్పీకరు అలాగే చెప్పింది.

"పాతవాళ్లను తీసెయ్. టోకెన్ నలభై ఒకటి. పిలిచింది: విరామం."

నలభై ఒకటో నంబరు రిటైరైన హెడ్మాస్టరు, మూడు రోజులుగా వచ్చి పిలుపు లేక తిరిగిపోతున్నవారు. ఆయన మెల్లగా లేచి నిలబడ్డారు. "పాతవాళ్లమే. అయితే మాత్రం తీసెయ్యడమేమిటి?"

హాలంతా లేచింది. అత్తగారు ఇరుకు గది తలుపు తోసుకుని వచ్చింది.

"అమ్మాయ్, ఆ స్పీకరుకేం నూరిపోశావో గానీ, అక్కడ అందరి బాగోతమూ విప్పుతోంది. ఇప్పుడే నన్నూ తీసేసింది."

కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. హాల్లోకి పరుగెత్తి, "క్షమించండి, ఆపేస్తున్నా" అంది.

"ఆపకమ్మా" అన్నారు హెడ్మాస్టరు. హాజరు వేసిన చెయ్యి ఊరుకోక, స్పీకరు చెప్పిందల్లా ఆయన చీటీ వెనకాల రాసుకుంటున్నారు. "నలభై ఒకటి మొదలు నలభై అయిదు దాకా. వీళ్లందరినీ తీసేయించింది విరామమే. ఎవరీ విరామం?"

రిసెప్షన్ అమ్మాయి చెయ్యెత్తింది. "నేనేనండీ. డాక్టరుగారు చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడల్లా విరామమన్న మీట నొక్కుతాను."

కోడలికి వెలుగు కనిపించింది. సాయంత్రం ఆస్పత్రి మూసేటప్పుడు పిలవాల్సిన 'పాతవాళ్లను తీసెయ్' మెథడ్‌ని విరామం మధ్యలో పిలుస్తోంది. అది గంటకు మించి కూర్చున్నవాళ్లనల్లా పాత లెక్కలో వేసి తుడిచేస్తోంది. ఎంత ఓపికగా ఎదురుచూస్తే అంత త్వరగా పేరు గల్లంతు. ఆఫీసులో పరీక్షించినప్పుడు ఎవరూ విరామం తీసుకోలేదు, అందుకే దొరకలేదు.

ప్రోగ్రాము నడుస్తుండగానే ఆ ఒక్క పిలుపునూ తెంపేసి, ట్రేస్‌నీ ఆపేసింది. హెడ్మాస్టరు చీటీ చూసి పోయిన పేర్లన్నీ తిరిగి ఎక్కించింది. స్పీకరు మామూలు గొంతుతో "టోకెన్ నలభై ఒకటి, రెండో గది" అంది. మూడు రోజుల తర్వాత తన నంబరు విన్న పెద్దాయన కళ్లు చెమర్చాయి.

"మీరు రాసిపెట్టకపోతే నాకీ జన్మలో దొరికేది కాదు మాస్టారూ" అందామె.

"నువ్వు వినిపించకపోతే నేనేం రాసేవాణ్ణి తల్లీ? ఇన్నాళ్లూ ఎందుకు పిలవట్లేదో చెప్పిన నాథుడు లేడు" అంటూ ఆయన లోపలికి నడిచారు. దర్జీ భార్య కూడా వచ్చి ఆమె చేతులు పట్టుకుంది. అలవాటైపోయి సరిగా చూడని భర్తని, పోయాడనుకున్న పుణ్యాన పదేళ్ల తర్వాత నిండుగా చూసుకున్నానంది.

సాయంత్రం రిపోర్టులో 'తప్పు కనిపెట్టినవారు' అన్నచోట తన పేరు రాసుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు. హెడ్మాస్టరు, రిసెప్షన్ అమ్మాయి, అత్తగారు, హాల్లో కూర్చున్న తక్కినవాళ్లు అని రాసింది.

మేనేజరు అంతా చదివి, వాళ్లలో ఎవరైనా ఉద్యోగానికి ఖాళీగా ఉన్నారేమో కనుక్కోమన్నాడు.