బతిమాలేవాళ్ళు లేని అలక

రాజారావూ, ఈ పకోడీల పార్టీ నీ ఇంట్లో కాబట్టి ముందు నీకే చెబుతున్నాను. మధ్యలో నవ్వకూడదు.

మా ఆవిడ భానుశ్రీ పిల్లల ప్రవర్తన చక్కదిద్దే థెరపిస్టు. కాన్‌బెర్రాలో సగం మంది తల్లిదండ్రులు ఆవిడ చెప్పినట్టే వింటారు. మిగతా సగంలో నేనున్నాను.

మా వైశాలికి ఐదేళ్ళు. చేతిలోంచి ఐప్యాడ్ లాక్కుంటే చాలు, సోఫా వెనక్కి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఇక్కడే మన గంగాలిన్ పేటలో పుట్టిన పిల్ల, తెలుగు అంతంతమాత్రమే గానీ, అలకలో మా వంశంలో ఎవరికీ తీసిపోదు. నాకదో గర్వం. మోకాళ్ళ మీద కూర్చుని, "నా బంగారం కదూ" అంటూ చాక్లెట్ బిస్కెట్ చూపించి బతిమాలేవాణ్ణి.

"ఆ అలకని మేపుతున్నది మీరేనండీ," అంది భాను. "బతిమాలడం ఆపండి, అదే పోతుంది. దీన్ని ఎక్స్‌టింక్షన్ అంటాం."

"కన్నపిల్లని పట్టించుకోవద్దా? నువ్వు తల్లివేనా?"

"పట్టించుకోవద్దన్నది అలకని, పిల్లని కాదు. నోరు తెరిచి అడిగిందా, వెంటనే పలకండి. మొదట్లో అలక ఇంకా ముదురుతుంది. అప్పుడు కరిగారో, అంతే సంగతులు."

"నేనా, కరగడమా? ఆఫీసులో నన్ను బండరాయి అంటారు. ఈ ప్రాజెక్టు నాకొదిలెయ్యి," అని మీసం మెలేశాను.

ఆదివారం పొద్దున ముహూర్తం. ఐప్యాడ్ తీశాను. అమ్మాయి సోఫా వెనక్కి వెళ్ళింది. పెద్ద నిట్టూర్పు వినిపించింది. నేను చలించలేదు. దిండ్లు గాల్లోకి లేచాయి. చలించలేదు. కాసేపటికి సన్నటి గొంతు, "నోబడీ లవ్స్ మీ," అంది.

బండరాయి అక్కడే నీరైపోయింది. భాను వంటింట్లో ఉంది కదా అని సోఫా కింద నుంచి ఒక బిస్కెట్ నెట్టాను.

"చూశాను లెండి," అంది భాను వెనక నుంచి, చేతిలో అట్లకాడ. "దిండ్లు విసిరితే బిస్కెట్ వస్తుందని చక్కగా నేర్పారు. రేపు టీవీ విసిరితే కేకు తెప్పిస్తారా?"

నాకు రోషం వచ్చింది. "నాకు టిఫిన్ వద్దు!" అని పడగ్గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాను.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఇదే పద్ధతి. నేను వద్దంటాను, భాను వచ్చి బతిమాలుతుంది, ఏదో ఆవిడ కోసమే అన్నట్టు తింటాను. అందుకే ధీమాగా ఎదురుచూశాను.

ఎవరూ రాలేదు. అల్లం పచ్చడి వాసన మాత్రం వచ్చింది. పెనం మీద పెసరట్టు చుయ్యిమంది.

దగ్గాను. బీరువా తలుపు దబ్బుమనిపించాను. "ట్రామెక్కి ఎటైనా వెళ్ళిపోతాను!" అని కేకేశాను.

"అమ్మా, నాన్న ఈజ్ గెటింగ్ లౌడర్," అంది వైశాలి.

"పోయేముందు అలాగే ఉంటుంది తల్లీ. నీకింకో అట్టు వెయ్యనా?"

ఆవిడ చెబుతున్నది అలక గురించని అర్థమయ్యేలోపు నా గుండె ఆగినంత పనయింది.

ఇక లాభం లేదని బూట్లేసుకుని, బ్యాగు పట్టుకుని హాల్లోంచి నడిచాను. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి, చలి," అంది భాను. స్టాపులో ట్రాము నా ముందే ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అక్కడా నన్నెవరూ బతిమాలలేదు.

తిరిగొచ్చేసరికి వైశాలి, "అమ్మా, లాస్ట్ వన్ నాకేనా?" అంటోంది. తొంగిచూస్తే గిన్నెలో ఒక్క అట్టుకే పిండి ఉంది. పరువా, పెసరట్టా?

"భానూ, ఆకలేస్తోంది," అన్నాను. "ఆ ఒక్కటీ నాకు వేస్తావా?"

నా మాట పూర్తికాకముందే పెనం మీద పిండి పడింది.

వైశాలి కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది. "గుడ్ ఆస్కింగ్, నాన్నా!" అని, సోఫా కింద నేను నెట్టిన బిస్కెట్‌లో మిగిలిన ముక్క నా నోట్లో పెట్టింది. ఆ మెచ్చుకోలు అచ్చం వాళ్ళమ్మ దానితో అనే తీరే. భాను అటు తిరిగి నవ్వుకుంటోంది.

ఆ సాయంత్రం మళ్ళీ ఐప్యాడ్ తీశాను. పిల్ల సోఫా వైపు చూసింది, నా వైపు చూసింది. "నాన్నా, కెన్ ఐ సిట్ విత్ యూ?" అంది. ఒళ్ళో ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్ టక్కున మూసేశాను. నిజం చెబుతున్నా, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నా నలభై ఏళ్ళ అలకని ఐదేళ్ళ పిల్ల ఒక్క అట్టుతో మాన్పించింది. మీలో ఎవరికైనా ఉందా అలాంటి కూతురు? నవ్వండి, నవ్వండి.

అన్నట్టు రాజారావూ, ఇందాకటి నుంచి ఆ పకోడీల ప్లేటు నీ దగ్గరే ఆగిపోయింది. కాస్త ఇటు జరుపుతావా? చూశారా, అడిగాను!