పెద్దాయన పోయారు

ఆ ఉదయం అల్లుడుగారి పథకం చాలా చిన్నది. తొమ్మిదికి మాటల కార్యక్రమం చివరిసారి మొదలవుతుంది. పదికి ముగుస్తుంది. అప్పటికి మామగారు వచ్చి ఒక మీట నొక్కుతారు. ఆ తర్వాత ఆ రేడియో స్టేషన్‌లో మనిషన్నవాడు నోరు విప్పనక్కర్లేదు. పాటలూ ప్రకటనలూ అన్నీ యంత్రమే వేసుకుంటుంది.

స్టేషన్ అంటే టైర్ల దుకాణం మీద మూడు గదులు. ఆ దుకాణం మామగారిదే. స్టేషన్‌లో ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. జనం ఫోన్ చేసి కుళాయి రాలేదనో, పక్కింటివాడు గోడ జరిపాడనో నలుగురి ముందూ చెప్పుకుంటే ఊరికి మంచిదని నమ్మి ఆయన దాన్ని పెట్టారు. చాలాకాలం బాగా నడిచింది. ఆ తర్వాత అల్లుడికి ఏ పని అప్పగించినా మూతపడుతోందని గమనించి, మూతపడినా ఇంట్లో ఎవరూ ఏడవనిది ఏదా అని వెతికి, స్టేషన్‌ని అతని చేతిలో పెట్టారు.

అల్లుడుగారు పొదుపు మనిషి. నాలుగు ఫోన్ లైన్లు ఎందుకని మూడు పీకించేశాడు. రెండో స్టూడియోని టైర్లకు గోడౌన్‌గా ఇచ్చేశాడు. మాట్లాడే గదికీ, ఆపరేటర్ కూర్చునే గదికీ మధ్య పెద్ద అద్దం ఉండేది. ఇటువాళ్ళు చెయ్యి ఊపితే అటువాళ్ళకు అర్థమయ్యేది. అంత అద్దం ఖాళీగా ఉండటం చూసి అతనికి నిద్ర పట్టలేదు. దాన్ని ఒక పరుపుల కంపెనీకి ప్రకటన కోసం ఇచ్చి, నిండా పోస్టరు అంటించాడు. అప్పటి నుంచి ఇటువాళ్ళు అటువాళ్ళకు ఏదైనా చెప్పాలంటే తలుపు సందులోంచి అరవడమే.

మాట్లాడే గదిలో కూర్చునేది అక్క. ఊళ్ళో ఆమెకు అదే పేరు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే ఫోన్ చేసేవారు. రేపటి నుంచి ఆమెకు అక్కడ పని లేదు. కావాలంటే కింద టైర్ల దుకాణంలో బిల్లులు రాసుకోవచ్చని అల్లుడుగారు పెద్ద మనసు చేసుకుని చెప్పాడు.

"చివరిరోజు కదా అక్కా, ఏం మాట్లాడతావు?" తలుపు సందులోంచి అడిగాడు ఆపరేటర్.

"నేనెప్పుడు మాట్లాడాను తమ్ముడూ? వాళ్ళు మాట్లాడతారు, నేను ఊఁ కొడతాను. ఇవాళా ఊఁ కొడతాను. రేపట్నుంచి ఎవరు కొడతారో!"

మొదటి ఫోను ఎప్పటిలాగే రిటైరైన లెక్కల మాస్టారిది. తన వీధిలో దీపం పగలు వెలిగి రాత్రి ఆరిపోతోందని ఆయన రోజూ చేసే ఫిర్యాదు. ఆపరేటర్ ఆయన్ని కూడా పెద్దాయన అనేవాడు, వయసుకు మర్యాదగా. మాస్టారు వీధిదీపం దాకా వచ్చారో లేదో, టిక్కుమని లైను తెగిపోయింది. ఉన్న ఒక్క లైనూ రోజూ అలాగే తెగుతుంది.

ఆపరేటర్ తలుపు సందులో మూతి పెట్టి కేకేశాడు. "అక్కా! పెద్దాయన పోయారు!"

సరిగ్గా ఆ క్షణంలో అల్లుడుగారు మామగారి కోసం తెప్పించిన పూలగుత్తి పట్టుకుని మెట్లెక్కి వస్తున్నాడు. అతని కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఏంటీ? పెద్దాయన పోయారా? ఎప్పుడు?"

"ఇప్పుడే సార్. మాట్లాడుతూ మాట్లాడుతూ పోయారు."

"అయ్యో! ఏమన్నా... బాధపడ్డారా?"

ఆపరేటర్‌కి ఆశ్చర్యమేసింది. లైను తెగితే సార్ ఇంత జాలిపడటం అదే మొదటిసారి. "బాధేం లేదు సార్. టిక్కుమంది. అంతే."

"చివరిగా ఏమన్నారు?"

"దీపం ఆరిపోయింది అన్నారు సార్."

అల్లుడుగారు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆపరేటర్ ఓదార్చాడు. "మీరేం దిగులు పడకండి సార్. మళ్ళీ వస్తారు. ఆయన ఊరికే వదిలే మనిషి కాదు."

అంత నమ్మకం తనకెందుకు లేదా అని అల్లుడుగారు లోపల్లోపల సిగ్గుపడ్డాడు. వెంటనే మామగారి నంబరు నొక్కాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఎవరూ ఎత్తలేదు. పోయిన మనిషి ఫోను ఎలా ఎత్తుతాడు? అనుమానం తీరిపోయింది.

అతను స్టూడియోలోకి దూసుకెళ్ళి కాగితం మీద రాసి అక్క ముందు పెట్టాడు. 'మామగారు పోయారు. ప్రకటించండి.'

అక్క కాగితం చేతిలోకి తీసుకుంది. సొంత అల్లుడు చెబుతుంటే కాదనడానికి ఏముంది? తలుపు సందులోంచి చూస్తున్న ఆపరేటర్ కూడా నమ్మాడు. ఇంటి నుంచి ఆ కబురు వచ్చి ఉంటుంది, అందుకే పాపం లైను తెగినా అంత విలవిల్లాడిపోయారు అనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఇలా ముగ్గురిలో ప్రతివాళ్ళూ కబురు మిగతావాళ్ళకు తెలిసిందనుకున్నారు.

"ఈ స్టేషన్‌ని మనకిచ్చిన పెద్దాయన ఇక లేరు" అంది అక్క మైకులో. గొంతు సవరించుకుంది. "నేనిక్కడికి మొదట వచ్చింది ఉద్యోగానికి కాదు. దెబ్బలాటకి. మా వీధి గురించి తప్పు చెప్పారని గొడవ పెట్టుకోవడానికి వచ్చాను. ఆయన అంతా విని, 'ఇంత బాగా పోట్లాడుతున్నావు, కూర్చో, ఊరి తరఫున పోట్లాడు' అన్నారు. ఆ కుర్చీలోనే ఉన్నానిప్పుడు కూడా."

"రెండు నిమిషాలు మౌనం" అన్నాడు అల్లుడుగారు తల వంచుకుని.

రేడియోలో మౌనం ఎలా ఉంటుందో అతను ఆలోచించలేదు. ఊళ్ళో సగంమంది రేడియో పాడైందనుకుని దాన్ని తట్టారు. కొందరు బ్యాటరీలు తీసి మళ్ళీ వేశారు. అంతలో అల్లుడుగారు కొత్తగా తెప్పించిన యంత్రం మేలుకుంది. కాసేపు శబ్దం లేకపోతే ఎవరో నిద్రపోయారని గ్రహించి తనంతట తానే ప్రకటన వేసుకోవడం దాని గొప్పతనం.

"పడుకున్నారా?" అని హుషారుగా అరిచింది యంత్రం. "మా పరుపు మీద పడుకున్నవారికి ఇక లేవాలనే అనిపించదు!"

"ఆపు! ఆపు!" అల్లుడుగారు గోల పెట్టాడు.

"నా చేతిలో లేదు సార్! దాని తాళం కంపెనీవాళ్ళ దగ్గరుంది!"

మళ్ళీ తలలు వంచారు. మళ్ళీ యంత్రం పరుపు పరిచింది. మూడోసారి కూడా అదే జరిగాక, ఈ స్టేషన్‌లో మౌనంగా ఏడవడం కుదరదని అక్కకు అర్థమైంది. "లైను కలుపు తమ్ముడూ. వాళ్ళనే మాట్లాడనీ" అంది.

*

అక్క ఆ కబురు చెప్పే సమయానికి పెద్దాయన నాలుగు వీధుల అవతల పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా ఉన్నారు. కింది దవడకు మత్తు ఇంజెక్షను, నాలుక మొద్దు, పీకిన దంతం స్థానంలో పెద్ద దూది ఉండ. కోటు, కోటు జేబులో ఫోను బయట కొక్కేనికి వేలాడుతున్నాయి. రోగులు నొప్పి మర్చిపోతారని డాక్టరు కిటికీలో ఎప్పుడూ రేడియో పెట్టి ఉంచుతాడు.

పెద్దాయన ఇక లేరని రేడియో చెప్పగానే డాక్టరు చేతిలోని పట్టకారు కింద పడింది. అతను తెలియకుండానే పెద్దాయన మణికట్టు పట్టుకుని నాడి చూశాడు.

"కొట్టుకుంటోందండీ" అన్నాడు భయంగా.

పెద్దాయన ఏదో అన్నారు. అది బూతో కాదో దూదికే తెలియాలి. లేచి వెళ్ళి కోటులోంచి ఫోను తీశారు. అల్లుడికి చేస్తే బిజీ. స్టేషన్‌కి చేస్తే బిజీ. ఉన్నది ఒక్క లైను. మిగతావి ఏమయ్యాయని ఆయన అంతవరకూ ఎప్పుడూ అడగలేదు. నొక్కుతూనే ఉన్నారు. ఆయన నొక్కుతుండగా రేడియోలో ఒకావిడ గొంతు వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ.

"ఆయన ఇవాళ పోవడమేంటమ్మా? పోయి చాలా రోజులైంది కదా?"

"అదేంటి పిన్నీ?" అంది అక్క.

"మరి అప్పట్లో మేం ఫోను చేస్తే ఎత్తేవాళ్ళు. మా గోడు వినేవాళ్ళు. తర్వాత ఎంత చేసినా కలవడం మానేసింది. కలిసినా తెగిపోతుంది. ఇంట్లో పెద్దదిక్కు ఉంటే ఇలా జరుగుతుందా? నేనప్పుడే మావాడితో అన్నాను, పాపం పెద్దాయన పోయినట్టున్నారురా అని."

పెద్దాయన వేలు ఫోను మీద ఆగిపోయింది. డాక్టరు వెళ్ళి రేడియో గొంతు తగ్గించబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. ఆవిడ ఫోను పెట్టేసేదాకా విన్నారు. తర్వాత ఇంకోసారి నొక్కారు. ఈసారి కలిసింది.

"చెప్పండి, మీరు ఎవరు?" అంది అక్క.

"హేహు... హహికే ఉహ్హాహు!" అన్నారు పెద్దాయన. నేను బతికే ఉన్నాను అని ఆయన ఉద్దేశం.

"ఏడవకండి బాబాయ్, ఏడవకండి. అవును, హఠాత్తుగానే పోయారు. మీరు ఆయనకు ఏమవుతారు?"

"హేహే! హేహే హాయహ్హి!" నేనే ఆయన్ని అని ఆయన అరిచారు.

"అయినవాణ్ణి అంటున్నారు" అంది అక్క ఊరందరికీ, గద్గదంగా. "దగ్గర చుట్టం. చూడండి, మాట కూడా రావడం లేదు. బాబాయ్, ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఉంటే కాసిని వేడి పాలు ఇమ్మనండి."

పెద్దాయన ఇంకా గట్టిగా అరిచారు. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ దుఃఖం వినలేక కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆపరేటర్ భరించలేకపోయాడు. "ఇంక ఆయన్ని బాధపెట్టకక్కా" అని లైను తెంపేశాడు.

*

ఇటు అల్లుడుగారు, మామగారి ఫోటో కుర్చీలో నిలబెట్టి పూలగుత్తి దాని ముందు పెడుతుండగా అతని భార్య ఫోను చేసింది.

"ఏమండీ, రేడియోలో ఎవరో పోయారంటున్నారు. ఎవరు?"

"ధైర్యం తెచ్చుకో. మీ నాన్నగారే."

"మీకేమన్నా మతిపోయిందా? నాన్న పళ్ళ డాక్టరు దగ్గరున్నారు. నేనే పంపించాను."

"ఓహో, అక్కడ జరిగిందా?" అన్నాడు అల్లుడుగారు బాధగా. "ఈ మధ్య పన్ను పీకినా కష్టమే అంటున్నారు."

ఆవిడ అటువైపు ఏం చెప్పబోయిందో తెలియదు. ఆపరేటర్ గది నుంచి పెద్ద కేక వినిపించింది.

"అక్కా! పెద్దాయన మళ్ళీ వచ్చారు!"

అల్లుడుగారి చేతిలోంచి ఫోను జారిపోయింది. "ఎ... ఎక్కడికి?"

"లైన్లోకి సార్. నేను చెప్పలా, వదిలే మనిషి కాదని? లెక్కల మాస్టారు! వీధిదీపం!"

అల్లుడుగారి ముఖం తెల్లగా పాలిపోయింది. "పొద్దున పోయింది... ఈయనా?"

"ఇంకెవరు సార్?" అన్నాడు ఆపరేటర్. తర్వాత అతని నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. "అయితే మరి మీకు ఎవరు చెప్పారు సార్?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటుండగా మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. బుగ్గ వాచి, కోటు భుజాన వేసుకుని, ఒగరుస్తూ పెద్దాయన వచ్చి నిలబడ్డారు. తన ఫోటో చూశారు. పూలు చూశారు. అల్లుణ్ణి చూశారు.

"మామయ్యగారూ," అన్నాడు అల్లుడు, "మీకు నూరేళ్ళు!"

పెద్దాయన బతికే ఉన్నారని అక్క వెంటనే మైకులో చెప్పింది. ఊరు నమ్మలేదు. ఇప్పటికే పొద్దున ఒకసారి మోసపోయింది. బస్సు డ్రైవరు ఒకడు ఫోను చేసి, "అలా అయితే మాట్లాడమనండి, మేం వింటాం" అన్నాడు. పెద్దాయన్ని తీసుకొచ్చి అక్క తన కుర్చీలో కూర్చోబెట్టింది. గడియారం పదికి దగ్గరపడుతోంది. వెనక నిలబడి అల్లుడుగారు ఆశ చావక, "మామయ్యగారూ, ఒక్క మీట... అదిగో ఎర్రది" అని గుసగుసలాడుతున్నాడు.

పెద్దాయన మైకు దగ్గరికి వంగారు. "హాహిహి... హంహి హీళ్ళు" అన్నారు.

అక్క ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. ఆ క్షణంలో ఆమెకు ఏం అర్థమైందో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. మైకు తన వైపు తిప్పుకుంది.

"పెద్దాయన అంటున్నారు, ఈ మాటల కార్యక్రమం ఇవాళ్టితో ఆగదట. ఎన్నాళ్ళైనా, ఎన్నేళ్ళైనా నడుస్తుందట."

పెద్దాయన కళ్ళు పెద్దవి చేసి, గొంతు మీద చెయ్యి వేసి చూపించారు.

"గొంతు చూపిస్తున్నారు. మనుషుల గొంతే ఈ స్టేషన్‌కి ప్రాణం అంటున్నారు."

ఆయన విసుగ్గా పిడికిలి బిగించి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించారు.

"ఫోను!" అంది అక్క. "తీసేసిన లైన్లన్నీ మళ్ళీ పెట్టిస్తారట. ఇకమీదట మీరు చేస్తే కలుస్తుందట. విన్నారా పిన్నీ?"

పెద్దాయన చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. పిన్నీ అన్న మాట వినగానే ఆయన ఆ చేతిని నెమ్మదిగా దించి ఒళ్ళో పెట్టుకున్నారు. సరేనన్నట్టు తల ఊపారు. పది దాటింది. మీట ఎవరూ నొక్కలేదు. కుట్టుపని ఆవిడ మళ్ళీ ఫోను చేసింది, ఆ వెనక ఇంకెవరో, ఆ వెనక ఇంకెవరో. అక్క ఊఁ కొడుతూనే ఉంది.

నాలుక మొద్దు వదిలేసరికి మధ్యాహ్నం దాటింది. అల్లుడుగారు చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"మామయ్యగారూ, మీరు నిజంగా అవన్నీ అన్నారా?"

"ఊరంతా విన్నాక అననట్టెలా అవుతుంది? రేపు పొద్దున లైన్లవాడికి కబురు పెట్టు" అన్నారు పెద్దాయన. తర్వాత ఎండిపోయిన పెదవులు తడుపుకుని అడిగారు. "ఇంతకీ నేనడిగిన మంచినీళ్ళు ఇప్పటికైనా ఎవరన్నా ఇస్తారా?"