పెద్దాయన పేరున

లింగమ్మ ఇంటికి కుటుంబ పెద్ద పెద్దపులి అని మొన్నటి ఎండాకాలంలో ఖరారైంది. ఊరు అభయారణ్యం అంచున ఉంది. అక్కడ పులిని పులి అనరు, పెద్దాయన అంటారు. ఆమె అర్జీ మీద విచారణకొచ్చిన అధికారి పట్నం మనిషి.

"ఇంటికి పెద్ద ఎవరు?"

"మా ఇంటికని ఏముంది సారూ, ఈ చుట్టుపక్కలంతా పెద్దాయనదే" అంది లింగమ్మ.

అధికారి అలాగే రాసుకున్నాడు. రాసింది కొట్టేసే అధికారం ఆయనకు లేదు.

లింగమ్మ అడిగింది ఒక్కటే. మట్టిమిద్దె కూలుతోంది, స్లాబు వేసుకోనివ్వండి అని. ఒక దూలం ఇప్పటికే ఆమె భర్త గురవయ్య నడుము విరగ్గొట్టింది. ఊరవతల రిసార్టు మూడంతస్తులు లేచింది. దానికి పెద్దెవరని ఎవడూ అడగలేదు.

"కుటుంబ పెద్ద వచ్చి వేలిముద్ర వెయ్యాల" అన్నాడు అటవీ ఆఫీసు గుమాస్తా.

"ఆయన పులి సారూ."

"పులైతే రాకూడదా?"

లింగమ్మ అడవి అంచుకు పోయి సంగతి చెప్పుకుంది. సోమవారం పులి వచ్చి లైనులో నిలబడింది. ముందున్నవాళ్ళు జరగలేదు, వాళ్ళూ ఏళ్ళ తరబడి తిరుగుతున్నవాళ్ళే. దాని వంతు వచ్చేసరికి సర్వర్ పోయింది. మంగళవారం మళ్ళీ వచ్చింది. మిషన్ మీద పంజా పట్టలేదు. వేలిముద్ర పడనంత పెద్ద మనిషి అని గుమాస్తా లేచి నిలబడి టీ తెప్పించాడు.

స్లాబు మంజూరైంది. ఆఫీసే దగ్గరుండి వేయించింది. అయితే పులి ఉండే ఇల్లు పులి ఆవాసం, అందులో మనుషులు ఉండకూడదు.

"మరి మేం యాడుండాల?"

"బఫర్‌లో."

బఫర్ అంటే అడవికీ ఊరికీ నడుమ ఖాళీగా ఉంచే జాగా. దాంట్లోనూ మనుషులుండకూడదు. కాబట్టి లింగమ్మనూ గురవయ్యనూ ఖాళీ కింద లెక్కగట్టి పశువుల కొట్టంలోకి మార్చారు. గురవయ్యను మంచంతో సహా మోశారు. వానలు మొదలయ్యాయి. పులి కొత్త స్లాబు కింద పడుకుని వాన చూస్తోంది.

పక్కింటి ఓబులమ్మ కొట్టం దగ్గరికొచ్చింది.

"నీకేంలే వదినా, స్లాబు పడింది. మాకూ ఒక పెద్దాయన్ని రాయించు."

"రాయిస్తే ఇల్లు నీది కాదు ఓబులమ్మా."

"ఇప్పుడు మాత్రం నాదా? గోడకు మేకు కొట్టాలన్నా వాళ్ళనే అడగాల."

లింగమ్మ చీర కొంగు తల మీదికి లాక్కుని, లైను ఎక్కడ మొదలవుతుందో చూపించడానికి ఆమె వెంట నడిచింది.