సంతకాలకు చోటు దొరకని రోజు

“నా కళ్ళు గప్పగలిగిన నేరగాడు ఈ భూప్రపంచంలో ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా ఇంకా పాకుతూనే ఉంటాడు” అని డెల్మార్ కేన్ ప్రకటించాడు. ప్రకటించి, దర్జాగా వెళ్ళి పక్కింటివాళ్ళ కారెక్కి కూర్చున్నాడు. ఆర్లో హారన్ కొట్టి పిలిస్తే దిగి వచ్చాడు.

డెల్మార్ ఊళ్ళు తిరిగే నోటరీ. ఇంటి అప్పు కాగితాలు మోసుకుంటూ, అప్పు తీసుకునేవాళ్ళు రమ్మన్న చోటికల్లా వెళ్ళాలి. గుర్తింపు కార్డు చూసి వాళ్ళు వాళ్ళేనని తేల్చుకుని, సంతకాలు పెట్టించి, ముద్ర వెయ్యాలి. ఒకరు ఆస్పత్రి మంచం దగ్గరికి రమ్మంటారు, ఇంకొకరు పశువుల కొట్టంలోకి రమ్మంటారు. అది బతుకుతెరువు. పిచ్చి మాత్రం డిటెక్టివ్ పని. ఇంటర్నెట్‌లో ఏదో కోర్సు చేసి గోధుమరంగు టోపీ, నేలను ఊడ్చే కోటు, నల్లకళ్ళద్దాలు కొనుక్కున్నాడు. కిందటేడు ఓ పాలవ్యాను వాలకం బాగాలేదని వెంటపడి గోధుమ చేలో తేలాక, కారు నడిపే పని ఆర్లో మెడకి చుట్టుకుంది. ఆర్లో స్కూలుబస్సు నడిపి రిటైరైనవాడు. పిల్లల దగ్గర పోగుచేసుకున్న ఓపికంతా డెల్మార్ దగ్గర ఖర్చయిపోతోంది.

ఆ రోజు సంతకాలు పెట్టాల్సింది పొరుగూరి లవోన్ పెనర్. అమ్మానాన్నలు వదిలివెళ్ళిన ఇంట్లో ఆవిడకీ తమ్ముడు లోవెల్‌కీ చెరిసగం. సాయంత్రం బ్యాంకు మూసేలోగా కాగితాలు అందితే తమ్ముడి వాటా ఆవిడే కొనుక్కుంటుంది. అందకపోతే ఇల్లు పరాయివాళ్ళ పాలు. లోవెల్ అప్పటికే కొనేవాళ్ళని తీసుకొచ్చి గదులన్నీ చూపిస్తున్నాడు. అందుకే ఇంట్లో వద్దని, లైబ్రరీకి రమ్మని ఆవిడ ఫోన్లో చెప్పింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

చోటెలా ఉందో ముందే వెళ్ళి చూసుకోవడం నోటరీలకు అలవాటే. డెల్మార్ మాత్రం దాన్ని నిఘా అనేవాడు. లైబ్రరీలో వంటల పుస్తకాల అర వెనక నక్కి, సందుల్లోంచి వచ్చేపోయేవాళ్ళని చూడసాగాడు. కాసేపటికి ఫోన్ మోగింది. తాను బయట కారులో ఉన్నానని, లోపల ఎవడో టోపీవాడు పుస్తకాల మధ్యనుంచి తననే గుడ్లప్పగించి చూశాడని, వాణ్ణి తమ్ముడే పంపి ఉంటాడని లవోన్ చెప్పింది.

డెల్మార్ కళ్ళు మెరిశాయి. “మనిషెలా ఉన్నాడమ్మా?”

“గోధుమరంగు టోపీ, పొడుగు కోటు. మొహం చూస్తేనే దొంగలా ఉన్నాడండీ.”

డెల్మార్ శ్రద్ధగా రాసుకుని ఆర్లోకి చదివి వినిపించాడు. ఆర్లో ఆ టోపీ వంకా, కోటు వంకా చూశాడు. “ఒరేయ్, ఒక్కసారి అద్దంలో...” అనబోయాడు. తన అందం గురించి మాట్లాడుకునే సమయం కాదని డెల్మార్ కసిరాడు.

తర్వాత కలుద్దామనుకున్న చోటు కాఫీ కొట్టు. అక్కడి బల్లలు పళ్ళెమంత ఉన్నాయి. కాగితాల కట్ట పడుతుందో లేదోనని డెల్మార్ టేపు పెట్టి కొలిచి, మైకులేమైనా దాచారేమోనని బల్ల కిందికి దూరాడు. కిటికీలోంచి చూసిన లవోన్ కారు దిగకుండానే వెళ్ళిపోయింది. బరువైన బంతి దొర్లించి కర్రలు పడగొట్టే బౌలింగ్ ఆటశాలలో చెవులు చిల్లులు పడే రొద, పైగా మళ్ళీ టోపీవాడు. చర్చి ముందు ఖాళీ జాగాలో గాలికి మొదటి కాగితం ఎగిరితే డెల్మార్ కోటు రెపరెపలాడిస్తూ దాని వెనక పరిగెత్తాడు. టోపీవాడు ఈసారి తన మీదికే ఉరికాడని లవోన్ ఏడుస్తూ ఫోన్ చేసింది.

“ఆవిడ చూసింది నిన్నేరా” అన్నాడు ఆర్లో, ఇక ఆగలేక.

“నీ బుర్ర బస్సు నడపడానికి సరిపోతుంది, దీనికి చాలదు. వాడు నేనే అయితే నాకు నేను కనబడనూ?”

పొద్దు వాలుతోంది. ఆవిడ ఇల్లు కళ్ళముందే పోయేలా ఉందని ఆర్లోకి నిజంగా బాధేసింది. డెల్మార్ మాత్రం వల పన్నాడు. రోడ్డుపక్క హోటల్లో కూర్చోమని, టోపీవాడు కనబడగానే చేతికందినదాంతో బాదమని, మిగతాది తాను చూసుకుంటానని లవోన్‌కి ధైర్యం చెప్పాడు. చెప్పి, తనే ముందు వెళ్ళి పెద్ద బల్ల కింద దాక్కున్నాడు.

లవోన్ వచ్చి సరిగ్గా ఆ బల్ల దగ్గరే కూర్చుంది. కిందనుంచి టోపీ బయటికొచ్చింది. చిల్లీ అనే చిక్కుడుగింజల మాంసం కూరతోపాటు తెచ్చిపెట్టిన దాల్చినచెక్క రొట్టెల పళ్ళెం ఎత్తి ఆవిడ దాని మీద ఒక్కటిచ్చింది. అంతలో తలుపు తోసుకుని లోవెల్ ఊడిపడ్డాడు. దారిలో అక్క ఫోన్ చేసి, నీ మనిషిని ఈ హోటల్లోనే పట్టుకుంటానంటూ పెట్టిన తిట్లు విని, ఎవడో తన అక్క వెంట పడుతున్నాడని అర్థమై, కొనేవాళ్ళని నడింట్లో వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. వచ్చీరాగానే టోపీవాడి వీపుమీద కూర్చున్నాడు.

దొంగ దొరికాడని చెబుదామని లవోన్ నోటరీకి ఫోన్ చేసింది. లోవెల్ కిందున్న కోటు జేబులో మోగింది.

“చెప్పండమ్మా, ఇక్కడే ఉన్నాను” అని నేలమీంచి జవాబొచ్చింది.

పక్క బల్ల దగ్గర కాపలా ఉన్న ఆర్లో నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నాడు. ముందు మీ కార్డు చూపించండని లవోన్ నోటరీనే అడిగింది. చూపించక తప్పలేదు.

“దొరికితీరతాడని చెప్పానా లేదా?” అన్నాడు డెల్మార్, మీసానికంటిన తీపిపాకం నాకుతూ.

ఆ బల్ల మీదే సంతకాలయ్యాయి. లవోన్ సంతకాలు పెడుతుంటే కాగితాలు తిప్పిపెట్టింది లోవెలే. ఆఖరి ముద్ర పడగానే ఆర్లో కట్టని చంకన పెట్టుకుని, జీవితంలో మొదటిసారి బస్సువాడి జాగ్రత్తంతా వదిలేసి బ్యాంకుకి కారు పరిగెత్తించాడు. అందాయని ఫోన్ వచ్చేదాకా అక్కాతమ్ముళ్ళు రొట్టె ముట్టలేదు.

“ఇక ఆ ఇంటికి రావాలంటే నిన్నడిగి రావాలేమో అక్కా” అన్నాడు లోవెల్ తలొంచుకుని.

లవోన్ ఓ రొట్టె వాడి ముందుకు జరిపింది. “అడగక్కర్లేదురా. నిచ్చెన తెచ్చుకో చాలు, వంటింటి కప్పు కారుతోంది.”